ఆ జెర్సీ కాదు

సెయింట్ హెలియర్, జెర్సీ
14 జూన్ 2009

మల్లి అక్కకి,

మేమంతా క్షేమమని ముందు రాయాలి కదా. రాశాననుకో.

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్ చేస్తే నీ గొంతు వినగానే ఏడుపొస్తుంది. ఇమెయిల్ అయితే నువ్వు ఆఫీస్‌లో నలుగురి మధ్యా తెరుస్తావు. అందుకే మా రేష్మ స్కూల్ నోట్‌బుక్‌లోంచి కాగితాలు చించాను. బాపట్ల హాస్టల్లో ఉన్నప్పుడు నీకు వారానికో ఇన్‌ల్యాండ్ లెటర్ రాసేదాన్ని. దస్తూరి అప్పటికంటే ఇప్పుడే అధ్వాన్నంగా ఉంది.

ఇది ఇంగ్లండ్‌కీ ఫ్రాన్స్‌కీ మధ్య చిన్న దీవి. తొమ్మిది మైళ్ళ పొడవు, ఐదు మైళ్ళ వెడల్పు. మీ ఇంటి నుంచి ఆన్ ఆర్బర్‌కి డ్రైవ్ చేసినంత దూరం ఇక్కడ చేస్తే సముద్రంలో పడతాం. ఇంగ్లండ్ రాణే వీళ్ళకీ రాణి, కానీ ఇది ఇంగ్లండ్ కాదు. చట్టాలు వేరు, నోట్లు వేరు, ఎవరు వచ్చి ఉండొచ్చో చెప్పే రూల్స్ కూడా వేరు. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళకి ఇల్లూ ఉద్యోగమూ హక్కు. బయటివాళ్ళకి పదేళ్ళు వరసగా ఉంటేగాని ఆ హక్కు రాదు. నాలాంటివాళ్ళని జె కేటగిరీ అంటారు. ఈ కంప్యూటర్ పని తెలిసినవాళ్ళు దీవిలో దొరకలేదని చెప్పి, నన్ను పెట్టుకోవడానికి మా బ్యాంక్ మూడేళ్ళ లైసెన్స్ తెచ్చుకుంది. మేం ఉండే ఇల్లు కూడా ఆ లైసెన్స్ పుణ్యమే. ఉద్యోగం పోతే ఇల్లు పోతుంది. మూడేళ్ళయ్యాక మళ్ళీ అడుగుతారు, ఇప్పటికైనా దీవివాళ్ళు ఎవరన్నా దొరికారా అని.

ఒక సంగతి నీకు చెప్పాలి. వచ్చేముందు మన ఫార్మింగ్టన్ హిల్స్ వాళ్ళందరికీ "జెర్సీ వెళ్తున్నాం" అని చెప్పాను. లక్ష్మీకాంతం ఆంటీ "ఎడిసనా? మా తమ్ముడు అక్కడే ఉంటాడు" అంది. నేను కాదనలేదు. ఆవిడ నలుగురికీ చెప్పింది. లేఆఫ్ అయిన నెలకే న్యూజెర్సీలో ఇంకో జాబ్ కొట్టేసిందని అందరూ మెచ్చుకుంటుంటే, అమెరికాలో ఎవరూ తీసుకోక ఎవరూ వినని దీవికి పోతున్నానని చెప్పడానికి మొహం చెల్లలేదు. నిన్ను అబద్ధం చెప్పమనను. వాళ్ళు అనుకున్నదాన్ని అలాగే ఉండనీ.

మొన్న మార్చిలో హెచ్ఆర్ గదిలోంచి నేను నా సామాన్ల బాక్స్ పట్టుకుని వస్తుంటే తలుపు దగ్గర నిలబడి నాకంటే ఎక్కువ ఏడ్చింది నువ్వే. రెఫర్ చేసి ఆ ఉద్యోగం ఇప్పించినదానివి, పోతే నాకంటే నీకే కష్టంగా ఉంటుంది. సొంత అక్కయినా అంత చేయదు. పెద్దమ్మ కూతురివి, నువ్వు చేశావు.

నీ వసు


ఫార్మింగ్టన్ హిల్స్, మిషిగన్
9 జూలై 2009

వసూ,

నీ ఉత్తరం అందింది. రేష్మ స్కూల్లో చేరిందా? రాజీవ్‌కి ఏదన్నా పని దొరికిందా? వేరే పార్సెల్‌లో కందిపొడి, గోంగూర పచ్చడి పంపాను. కస్టమ్స్‌లో ఆపకపోతే అందుతాయి.

ఇక్కడ ఏముంది, మా వీధిలోనే అప్పు కట్టలేక పోగొట్టుకున్న మూడిళ్ళ ముందు బ్యాంక్ బోర్డులు పెట్టారు. ఆఫీస్‌లో మన వరస మొత్తం ఖాళీ. నీ సీట్లో ప్రింటర్ పెట్టారు. నేను అటువైపు నడవడం మానేసి కాఫీకి చుట్టుతిరిగి పోతున్నాను.

మొన్న పాట్‌లక్ భోజనాల దగ్గర లక్ష్మీకాంతం ఆంటీ నీ గురించి అడిగింది. "ఆ, బాగానే సెటిలయ్యారు" అన్నాను.

వసూ, నాకు థాంక్స్ చెప్పడం మానెయ్. నేను నీకు చేసిందేమీ లేదు. నిజంగా లేదు.

మల్లేశ్వరి


సెయింట్ హెలియర్, జెర్సీ
25 ఏప్రిల్ 2010

అక్కా,

పచ్చడి అందింది, సీసా వారంలో ఖాళీ. రాజీవ్ ఒక హోటల్‌లో రిసెప్షన్‌లో చేస్తున్నాడు. అమెరికాలో డిపెండెంట్ వీసా మీద నాలుగేళ్ళు ఇంట్లో కూచున్న మనిషి, యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటూ పాటలు పాడుతున్నాడు.

మా పక్కింటావిడ మిసెస్ రెనూఫ్. వాళ్ళ తాతముత్తాతలు ఇక్కడివాళ్ళే. ఇంటి వెనక వాలు నేలలో బంగాళాదుంపలు వేస్తుంది. తవ్విన రోజు ఒక సంచి మా గుమ్మంలో ఉంటుంది. మొదటిసారి వేపుడు చేసి పంపించాను. "ఇంత మంచి దుంపని ఎందుకమ్మా ఇంత శిక్షించావు" అంది. ఉప్పేసి ఉడకబెట్టి వెన్న రాసుకుని తినాలట. అయినా గిన్నె ఖాళీగానే తిరిగొచ్చింది.

రేష్మకి జ్వరం వచ్చి స్కూల్‌కి పోని రోజుల్లో ఆవిడే చూసుకుంటుంది. ఆవిడకి ఒక్కతే కూతురు, జోసెలిన్. ఇంగ్లండ్‌లో సౌతాంప్టన్‌లో కంప్యూటర్స్ చదివి అక్కడే పనిచేస్తోంది. ఈస్టర్‌కి వచ్చింది. ఇరవై అయిదేళ్ళుంటాయి. రేష్మని నీళ్ళు తగ్గాక రాళ్ళ మీదకి తీసుకెళ్ళి పీతల్ని పట్టడం నేర్పింది. ఇక్కడ సముద్రం మైలు దూరం వెనక్కి పోతుంది అక్కా, పోయి మనిషి నడక కంటే వేగంగా తిరిగొస్తుంది.

"నాకు ఇంటికి రావాలని ఉంది, నా లైన్‌లో ఉద్యోగం ఉంటే రేపే వస్తాను" అంది జోసెలిన్. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ అమ్మాయి చేసేదీ నా పనే.

నీ వసు


ఫార్మింగ్టన్ హిల్స్, మిషిగన్
3 జనవరి 2011

వసూ,

ఆలస్యమైంది, ఏమనుకోకు. నన్ను మేనేజర్ని చేశారు. వేరేవాళ్ళ ద్వారా నీకు తెలిసేకంటే నేనే చెప్పాలని రాస్తున్నాను. సంతోషంగా ఉందా అని అడగకు.

మీ బావగారు కులాసా. నీ లైసెన్స్ ఎప్పుడు రెన్యూ అవుతుంది?

మల్లేశ్వరి


సెయింట్ హెలియర్, జెర్సీ
11 మార్చి 2012

అక్కా,

ఈ ఉత్తరం చదివాక చించెయ్. రాజీవ్‌కి కూడా చెప్పలేదు. నీకు తప్ప ఎవరికీ చెప్పలేను.

నా లైసెన్స్ జూన్‌తో అయిపోతుంది. రెన్యూ చేయాలంటే ఉద్యోగం పేపర్‌లో వేసి, స్థానికులెవరూ తగినవాళ్ళు లేరని బ్యాంక్ చూపించాలి. జనవరిలో వేశారు. ఒకే ఒక్క అప్లికేషన్ వచ్చింది. జోసెలిన్ రెనూఫ్.

మా మేనేజర్ నన్ను పిలిచి, "సిస్టమ్ నీకే తెలుసు. ఇంటర్వ్యూలో కూర్చో. చేయగలదో లేదో నువ్వే రాసివ్వు" అన్నాడు. నా ఉద్యోగానికి వచ్చిన మనిషి పనికొస్తుందో లేదో నన్నే రాయమన్నాడు! కుదరదని అనొచ్చు. అనలేదు.

మా దగ్గర ఒక ప్రోగ్రామ్ ఉంది. నెలకోసారి మధ్యలో ఆగిపోతుంది. ఎందుకో మూడేళ్ళుగా నాకు అంతుపట్టలేదు, ఎవరికీ తెలియకుండా చేత్తో సరిచేస్తూ వచ్చాను. ఇంటర్వ్యూలో అది నడిచే తీరుని బొమ్మగా బోర్డు మీద వేశాను. జోసెలిన్ రెండు నిమిషాలు చూసి, వేలు పెట్టి "ఇది ఇక్కడ ఆగిపోదా?" అంది. నా చెవులు వేడెక్కాయి. "లేదు, బాగానే నడుస్తుంది" అన్నాను. ఆ అమ్మాయి సిగ్గుపడి "సారీ, నేనే తప్పుగా చూశానేమో" అంది.

రిపోర్ట్‌లో "కనీసం రెండేళ్ళ ట్రైనింగ్ కావాలి" అని రాసి సంతకం పెట్టాను. మూడు నెలలు చాలు అక్కా. మూడు నెలలు కూడా ఎక్కువే.

ఎందుకు రాశానో నీకు వివరించనక్కర్లేదు. మళ్ళీ పెట్టెలు సర్దడం, రేష్మని మళ్ళీ ఇంకో స్కూల్ నుంచి పీకడం. రాజీవ్ మొహం. అవన్నీ ఉన్నాయి. కానీ రాసేటప్పుడు అవేవీ గుర్తు లేవు, ఒట్టి భయం.

నిన్న మిసెస్ రెనూఫ్ దుంపలు తెచ్చింది. "జాబ్ రాకపోతే పోయింది. నువ్వు చాలా మర్యాదగా మాట్లాడావని మా అమ్మాయి చెప్పింది. థాంక్యూ" అని నా చెయ్యి పట్టుకుంది. ఆ సంచి అలాగే గుమ్మంలో ఉంది. లోపలికి తేలేదు.

నాకు తెలిసినంతలో ఎవరి పొట్టా కొట్టని మనిషివి నువ్వొక్కదానివే. తిట్టాలంటే తిట్టు, కానీ ఏదో ఒకటి రాయి.

వసు


సెయింట్ హెలియర్, జెర్సీ
29 ఏప్రిల్ 2012

అక్కా,

ఏడు వారాలైంది. ఫోన్ చేస్తే బావగారు "పడుకుంది" అంటున్నారు, అక్కడ మధ్యాహ్నం రెండింటికి. నన్ను అసహ్యించుకుంటే ఆ మాటే రాయి. ఈ మౌనం భరించలేకపోతున్నాను.

వసు


ఫార్మింగ్టన్ హిల్స్, మిషిగన్
13 మే 2012

వసూ,

మూడుసార్లు రాసి చించేశాను. ఇది నాలుగోది.

నిన్ను అసహ్యించుకోవడానికి నేనెవర్ని? నీ ఉత్తరం చదివి తేలుకుట్టిన దొంగలా కూచున్నాను ఇన్నాళ్ళూ.

2009 ఫిబ్రవరి ఆఖరి సోమవారం డైరెక్టర్ నన్ను గదిలోకి పిలిచాడు. "మీ టీమ్‌లో ఒకరు వెళ్ళాలి. వసుమతి, లేకపోతే గ్రెగ్. శుక్రవారంలోగా పేరు చెప్పు" అన్నాడు. బుధవారమే చెప్పేశాను. నీ పేరు.

గ్రెగ్‌కి ముగ్గురు పిల్లలని నాకు నేను చెప్పుకున్నాను. నిన్ను ఉంచితే చెల్లెల్ని వెనకేసుకొచ్చిందంటారని చెప్పుకున్నాను. రెండూ అబద్ధం కాదు. కానీ ఆ రెండింటి వల్లా నీ పేరు చెప్పలేదు. ఆ జనవరిలో మీటింగ్ అయ్యాక డైరెక్టర్ నా ముందే "వసుమతి నీ టీమ్‌ని నీకంటే బాగా నడిపించేట్టుంది" అన్నాడు. జోక్‌గానే అన్నాడు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి మీ బావగారికి గొప్పగా చెప్పాను. చెప్పి అన్నం తినలేకపోయాను. నువ్వు ఉంటే తర్వాతి లిస్ట్‌లో నా పేరే ఉంటుందని భయం పట్టుకుంది.

నాకు గ్రీన్‌కార్డ్ ఉంది, నీకు లేదు. ఉద్యోగం పోయిన రోజే ఈ దేశంలో నీ కాలికింద నేల పోతుందని నాకు తెలుసు. తెలిసే చెప్పాను.

తలుపు దగ్గర ఏడ్చింది నిజమే. నీ కోసమే ఏడ్చానని మాత్రం ఒట్టేసి చెప్పలేను.

మూడేళ్ళుగా నువ్వు థాంక్స్ రాసినప్పుడల్లా చెబుదామనుకున్నాను. నువ్వు నన్ను మంచిదాన్ననుకోవడం నాకు కావలసొచ్చింది. ఇప్పుడు నువ్వు నీ తప్పు నా ముందు పెట్టి, నన్ను తిట్టమన్నావు. తీర్పు చెప్పే ఆ పీట మీద నేనింక కూచోలేను.

క్షమించమని అడగట్లేదు.

మల్లేశ్వరి


సెయింట్ హెలియర్, జెర్సీ
10 జూన్ 2012

అక్కా,

అలవాటు కొద్దీ అక్కా అని రాసేశాను. ఇంకేమని పిలవాలో తెలియదు.

నీ ఉత్తరం హార్బర్ దగ్గర బెంచీ మీద చదివాను. చదివి ఆఫీస్‌కి వెళ్ళకుండా అక్కడే ఉండిపోయాను. నువ్వు పంపిన ప్రతి పార్సెల్ గుర్తొచ్చింది. కందిపొడి, రేష్మ పుట్టినరోజు గౌను, అన్నీ. మూడేళ్ళు నీకు దణ్ణాలు పెడుతూ బతికానే! నువ్వు చెప్పిన పేరు కంటే నన్ను ఎక్కువగా కోసింది అది. నన్ను అలా థాంక్స్ చెప్పనిచ్చావు.

ఆ మాట అనుకోగానే మిసెస్ రెనూఫ్ చెయ్యి గుర్తొచ్చింది. నేనూ ఆవిణ్ణి చెప్పనిచ్చాను కదా.

మర్నాడు పొద్దున్నే మేనేజర్ దగ్గరికి వెళ్ళాను. "ఆ రిపోర్ట్ తప్పు. జోసెలిన్ ఈ పని చేయగలదు. మూడు నెలలు చాలు" అన్నాను.

ఆయన తలుపు వేసి వచ్చాడు. "లైసెన్స్ రెన్యువల్ పేపర్లు రెడీగా ఉన్నాయి. ఇది నేను విననట్టు ఉండమంటావా?"

"వద్దు. రాసి తెచ్చాను, ఇదిగో."

"ఇది పంపితే నీ ఇల్లు కూడా పోతుంది, తెలుసా?"

"తెలుసు."

ఆయన కాగితం తీసుకుని చదివాడు. మంచిదానివనీ అనలేదు, చెడ్డదానివనీ అనలేదు. "మొదటిసారే ఇలా రాస్తే ఎంత బావుండేది" అన్నాడు, అంతే.

రాజీవ్‌కి ఆ సాయంత్రం చెప్పాను. మూడోరోజు, "ముందు నాతో ఒక్క మాట అనాల్సింది. తప్పు చేసేటప్పుడూ, దిద్దుకునేటప్పుడూ, రెండుసార్లూ నేను లేను" అన్నాడు. అదీ నిజమే.

మిసెస్ రెనూఫ్ కంచె దగ్గర మొక్కలు కత్తిరిస్తోంది. నిలబడే చెప్పాను. ఆవిడ కత్తెర ఆపకుండా విన్నది. చివర్లో అడిగింది, "అమ్మాయి ఆ రోజు బోర్డు మీద చూపించింది, అది తప్పా?"

"తప్పు కాదు. సరిగ్గానే చూపించింది."

"మూడు నెలల్నుంచి తనకి తెలివి లేదనుకుంటోంది" అంది. అని లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

లైసెన్స్ సెప్టెంబర్ ఆఖరుదాకే పొడిగించారు. ఆలోగా జోసెలిన్‌కి పని నేర్పి వెళ్ళాలి.

నువ్వు చెప్పావు కాబట్టే నేను చెప్పగలిగాను, అది ఒప్పుకుంటాను. కానీ దానికి కూడా నీకు థాంక్స్ చెప్పను. కొన్నాళ్ళు నాకు రాయకు.

వసుమతి


ఫార్మింగ్టన్ హిల్స్, మిషిగన్
6 ఆగస్ట్ 2012

వసూ,

రాయొద్దన్నావు. ఈ ఒక్కటీ నీకు తెలియాలని రాస్తున్నాను. జవాబివ్వకు.

లక్ష్మీకాంతం ఆంటీ ఇంట్లో వరలక్ష్మీ వ్రతానికి వెళ్ళాను. వాయనాలు ఇచ్చుకుంటుండగా ఆవిడ "మీ వసుమతి న్యూజెర్సీ నుంచి ఇటు ఒక్కసారీ రాదేం?" అంది. "అది ఉన్నది ఆ జెర్సీ కాదు ఆంటీ, వేరే దేశం. దాని ఉద్యోగం తీయించింది నేనే" అన్నాను. జరిగింది జరిగినట్టు చెప్పాను.

ఎవరో పులిహోర ఇంకాస్త వేయమన్నారు. ఇంటికొచ్చేటప్పుడు నా చేతిలో శనగలు అలాగే ఉన్నాయి. ఆ తర్వాత ఫోన్లు తగ్గాయి. నా టీమ్‌లో చేసే శ్రీవిద్య ఇప్పుడు నాతో మాట్లాడేముందు ఒక క్షణం ఆగుతుంది. ఆగాల్సిందే.

నువ్వున్నది న్యూజెర్సీ కాదన్న నీ గుట్టు కూడా బయటపెట్టాను, నిన్ను అడగకుండా. అదొక తప్పు. నా వంతు చెప్పాలంటే నీది దాచడం కుదరలేదు.

మల్లేశ్వరి


ఫ్రిస్కో, టెక్సస్
2 మార్చి 2013

అక్కా,

ఇక్కడికి వచ్చి నాలుగు నెలలైంది. నా హెచ్-వన్ వీసాలో రెండేళ్ళు మిగిలి ఉండటం వల్ల ఇక్కడి కంపెనీ తీసుకుంది. ఎటు చూసినా కొత్త ఇళ్ళు, చెట్లకి ఇంకా కర్రలు కట్టే ఉన్నాయి. పాలు కావాలన్నా కారు తీయాలి. రేష్మకి ఇది మూడో స్కూల్. పీతలు లేవని అలిగింది.

గుట్టు బయటపెట్టావని కోపం వచ్చింది, దాచను. వారం తర్వాత లక్ష్మీకాంతం ఆంటీ ఫోన్ చేసి, "ఆ దీవిలో కూరగాయలు దొరుకుతాయా?" అని అడిగింది. అంతే. మూడేళ్ళు దేనికి అంత సిగ్గుపడ్డానా అనిపించింది. సిగ్గుపడాల్సింది వేరే ఉంటే, దీవి పేరు చెప్పడానికి సిగ్గుపడ్డాను.

జోసెలిన్‌తో మూడు నెలలు పక్కపక్కన కూచున్నాను. మొదటిరోజే క్షమించమని అడిగాను. "పని మొదలుపెడదామా?" అంది. ప్రతి రోజూ తొమ్మిదింటికి వచ్చేది, అడగాల్సినవి అడిగేది, అయిదింటికి వెళ్ళిపోయేది. ఆ ప్రోగ్రామ్‌ని రెండో వారంలోనే బాగుచేసింది. నా ముందే చేసింది. ఆఖరి రోజు వీడ్కోలు కేక్ కోశారు. అందరూ నన్ను మెచ్చుకున్నారు, కిటికీ దగ్గర నిలబడి తనూ చప్పట్లు కొట్టింది. నేను దగ్గరికి వెళ్తే, "నేర్పించినందుకు థాంక్యూ. మిగతాది నేనింకా మర్చిపోలేదు" అంది. మిసెస్ రెనూఫ్ మేం వెళ్ళేటప్పుడు బయటికి వచ్చి రేష్మని ముద్దుపెట్టుకుంది. నా వైపు చూడలేదు.

అప్పుడు అర్థమైంది. నిజం చెప్పేస్తే బరువు దిగుతుందని అనుకున్నాను. అది నా భుజం మీంచి దిగి వాళ్ళ భుజం మీదికి ఎక్కింది. దాన్ని ఎప్పుడు దింపుకోవాలో వాళ్ళ ఇష్టం. నా సిగ్గు నాకు మిగిలింది, మిగలాలి కూడా.

అందుకే నీకు ఇన్నాళ్ళూ రాయలేదు. క్షమించానని రాస్తే అబద్ధం. లేదని రాస్తే, జోసెలిన్ ముందు నిలబడ్డప్పుడు నేను కోరుకున్నది ఏమిటో మర్చిపోయినదాన్నవుతాను.

ఇక్కడికి దగ్గర్లో డాలస్‌లో మీ కంపెనీ ట్రైనింగ్ ఉంది, ఏప్రిల్లో వస్తున్నావని బావగారు రాజీవ్‌కి చెప్పారట. హోటల్‌లోనే ఉండు. ఇంట్లో ఉండమనలేను. శనివారం మధ్యాహ్నం భోజనానికి రా. పెద్దమ్మ ఎప్పుడొస్తుందని రేష్మ అడుగుతోంది, దానికి జరిగిందేమీ చెప్పలేదు.

వచ్చాక ఆ సంగతి ఎత్తకు. ఎత్తితే నేను కంచం దగ్గర్నుంచి లేచిపోతానేమో. ఎత్తకుండా తినేసి వెళ్ళిపోతే మళ్ళీ జన్మలో పిలవను. ఏం చేస్తావో నాకు తెలియదు, నేనేం చేస్తానో అసలే తెలియదు.

అయినా రా.

వసు